వయసు పెరిగేకొద్దీ పర్సనాలిటీ డిజార్డర్ ఏమవుతుంది?

మీరు రాసిన దాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. 23 ఏళ్ల మీ చెల్లికి బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావాలు, బంధాలు, తన గురించి తనకున్న అభిప్రాయం నిలకడగా ఉండని వ్యక్తిత్వ సమస్య) అని డాక్టర్ చెప్పారు, ఏడాదిలో రెండుసార్లు చేయి కోసుకుంది, ఇది జీవితాంతం ఉంటుందా అన్నది మొదటిది. బాధ్యతలు మీద పడితే తనే సర్దుకుంటుందని ఇంట్లో అంటున్నారు, కొన్నాళ్లు ఆగి చూడొచ్చా అన్నది రెండోది. ఎప్పుడూ పద్ధతిగా ఉండే మీ అమ్మగారు 61వ ఏట కొత్తగా అందరినీ అనుమానిస్తున్నారు, ఇదీ అదే జబ్బా, ఇది మా రక్తంలోనే ఉందా, నాకూ వస్తుందా అన్నది మూడోది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అని బంధువు ఒకరు అన్న మాట మిమ్మల్ని బాగా కుంగదీసినట్టుంది.

నేను సైకియాట్రిస్ట్‌ని. ఈ జబ్బుతో ఇరవైల్లో వచ్చినవాళ్లను ముప్పైల్లో, నలభైల్లో మళ్లీ చూసే అవకాశం నాకు దొరికింది. ఆ సామెత మీ చెల్లి విషయంలో తప్పు. ఆమె ఇప్పుడున్నట్టుగా జీవితాంతం ఉండే అవకాశం చాలా తక్కువ. అలాగని ఆగి చూడమని మాత్రం చెప్పను. జబ్బు లక్షణాలు చాలామందిలో వయసుతో తగ్గుతాయి. అవి తగ్గేలోపు చేజారిన చదువు, ఉద్యోగం, స్నేహాలు, ఆరోగ్యం మాత్రం వయసుతో వాటంతట అవి తిరిగి రావు. ఈ తేడా మీ ఇంట్లో అందరికీ అర్థం కావాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు, ‘ఇది మారదు’ అనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. అది మీ బంధువు ఒక్కరిదే కాదు, మా వృత్తిలోనూ చాలాకాలం ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తెచ్చిన డీఎస్ఎమ్-3 అనే మానసిక జబ్బుల వర్గీకరణ పుస్తకం పర్సనాలిటీ డిజార్డర్లను డిప్రెషన్ లాంటి జబ్బుల నుంచి విడదీసి వేరే వరుసలో పెట్టింది. డిప్రెషన్ వచ్చిపోయేది, వ్యక్తిత్వం ఉండిపోయేది అన్న ఆలోచన అలా స్థిరపడింది. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 ఆ విభజన తీసేసింది గానీ, ‘ఎన్నటికీ మారనిది’ అన్న ముద్ర అంత తొందరగా పోలేదు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఆసుపత్రిలో డాక్టర్‌కి కనిపించేది జబ్బు ముదిరినప్పటి మనిషే. కుదుటపడినవాళ్లు మళ్లీ మా గడప తొక్కరు. మళ్లీ మళ్లీ వచ్చేది తగ్గనివాళ్లు మాత్రమే. రోజూ వాళ్లనే చూసే డాక్టర్‌కి ఎవరికీ తగ్గదేమో అనిపించడం సహజం. ఈ భ్రమ తొలగాలంటే ఒక గుంపును ఎంచుకుని, వాళ్లు బాగుపడినా పడకపోయినా ఏళ్ల తరబడి వెంటపడి చూడాలి. 1990ల్లో ఆ పని మొదలైంది.

అలాంటివాటిలో బాగా పేరున్నది అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రిలో మేరీ జనరీని అనే పరిశోధకురాలు నడిపిన అధ్యయనం. బార్డర్‌లైన్ ఉండి, ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉన్న 290 మందిని తీసుకున్నారు. అందరూ 18 నుంచి 35 ఏళ్ల లోపువాళ్లు. అంటే మీ చెల్లి వయసువాళ్లు, చాలామంది ఆమెకంటే ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్లు. ప్రతి రెండేళ్లకోసారి మళ్లీ కలిసి చూశారు. పదేళ్లు గడిచేసరికి 93 శాతం మందిలో కనీసం రెండేళ్లపాటు జబ్బు కొలమానాలకు అందనంతగా లక్షణాలు తగ్గాయి. 16 ఏళ్లకు ఆ సంఖ్య 99 శాతం. ఎనిమిదేళ్లపాటు వరుసగా బాగున్నవాళ్లు 78 శాతం. దాదాపు అదే కాలంలో మరో అమెరికన్ బృందం నాలుగు రకాల పర్సనాలిటీ డిజార్డర్లను పదేళ్లపాటు చూసింది. అందులో బార్డర్‌లైన్ ఉన్నవాళ్లలో 85 శాతం మందికి లక్షణాలు తగ్గాయి, తగ్గినవాళ్లలో తిరగబెట్టింది సుమారు 12 శాతానికే. కెనడాలోని మాంట్రియల్‌లో జోయెల్ పారిస్ అనే సైకియాట్రిస్ట్ పాత రోగులను 27 ఏళ్ల తర్వాత వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్ల సగటు వయసు యాభై. ఆయన కలవగలిగినవాళ్లలో 92 శాతం మందికి బార్డర్‌లైన్ అని చెప్పడానికి కావలసిన లక్షణాలే లేవు.

డిప్రెషన్, బైపోలార్ లాంటి జబ్బులు తగ్గాక తిరగబెట్టడం మామూలే. బార్డర్‌లైన్ తగ్గడానికి టైమ్ పడుతుంది గానీ, తగ్గి కొన్నేళ్లు నిలబడితే మళ్లీ రావడం తక్కువ. మెక్లీన్ లెక్కల్లో రెండేళ్లు బాగున్నవాళ్లలో 36 శాతం మందికి తిరగబెట్టింది. ఎనిమిదేళ్లు బాగున్నవాళ్లలో అది 10 శాతమే. అందుకే మొదటి రెండు మూడేళ్లలో ఒకసారి మళ్లీ పడిపోతే ‘చూశారా, మేం చెప్పాం కదా’ అని ఇంట్లో ఎవరూ అనకండి. అది దారిలో వచ్చేదే.

అన్ని లక్షణాలూ ఒకే వేగంతో తగ్గవు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. చేయి కోసుకోవడం, ఆత్మహత్యాయత్నాలు, క్షణికావేశంలో చేసే ప్రమాదకరమైన పనులు, టెన్షన్ తలకెక్కినప్పుడు వచ్చే విపరీతమైన అనుమానాలు ముందు తగ్గుతాయి. బయటివాళ్ల కంటికి కనబడేవి ఇవే కాబట్టి అందరూ ‘అమ్మయ్య’ అనుకుంటారు. లోపల ఉండే వెలితి, ఒంటరిగా ఉండలేకపోవడం, దగ్గరివాళ్లు వదిలేసి పోతారేమోనన్న భయం, చిన్నదానికే భగ్గుమనే కోపం, ఎడతెగని దిగులు మాత్రం చాలా నెమ్మదిగా తగ్గుతాయి. కొందరిలో నలభై దాటాక కూడా మిగిలి ఉంటాయి.

వివరాలు మార్చి ఒకరి గురించి చెబుతాను. ఇరవైల్లో ఎన్నోసార్లు ఎమర్జెన్సీకి వచ్చిన ఒకామె నలభై దాటాక నా దగ్గరికి మళ్లీ వచ్చింది. చేయి కోసుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. కోపం అదుపులో ఉంది. చూసినవాళ్లెవరూ జబ్బు మనిషి అనరు. ఆమె వచ్చింది ఒంటరితనం భరించలేక. చదువు మధ్యలో ఆగిపోయింది, ఏ ఉద్యోగంలోనూ నిలదొక్కుకోలేదు, ఆ రోజుల్లో దూరమైన స్నేహితులు మళ్లీ దగ్గర కాలేదు. ‘నాకు జబ్బు తగ్గింది డాక్టర్, కానీ బతుకు మొదలవలేదు’ అంది. ఆమెకు మొదటి నుంచీ వైద్యం అందింది. అయితే ఆ వైద్యమంతా ఎమర్జెన్సీ నుంచి ఎమర్జెన్సీకి నడిచింది. చదువు గురించీ పని గురించీ ఎవరూ ఆమెతో కూర్చుని ప్లాన్ వేయలేదు.

ఇది ఆమె ఒక్కరి కథ కాదని చెప్పడానికి మళ్లీ మెక్లీన్ అధ్యయనానికే వస్తాను. లక్షణాలు తగ్గడంతో పాటు మనసు పంచుకునే ఒక్క మనిషైనా ఉండటం, పూర్తికాలం ఉద్యోగమో చదువో సరిగ్గా చేయగలగడం, ఈ మూడూ కలిస్తేనే కోలుకున్నట్టు అని వాళ్లు లెక్కపెట్టారు. ఆ లెక్కన 16 ఏళ్లలో రెండేళ్లపాటైనా ఆ స్థితిని అందుకున్నవాళ్లు 60 శాతం. ఎనిమిదేళ్లపాటు నిలబెట్టుకున్నవాళ్లు 40 శాతమే. ఒకవైపు 99, మరోవైపు 60, 40. వరద తీసినంత మాత్రాన పొలం పండదు, మళ్లీ దున్ని నాటాలి. ఆ పనిని వరద పూర్తిగా తగ్గేదాకా వాయిదా వేయకూడదన్నదే నేను నా రోగుల నుంచి నేర్చుకున్నది. మీ చెల్లి ఇప్పుడు చదువుతోందా, ఉద్యోగం చేస్తోందా అన్నది మీరు రాయలేదు. ఏదైనా ఆపేసి ఉంటే, వారానికి కొన్ని గంటలతోనైనా సరే, మళ్లీ మొదలుపెట్టించడం మందు రాయడమంత ముఖ్యమని నా ఉద్దేశం. ‘పూర్తిగా తగ్గాక చూద్దాం’ అనే మాట చాలామంది బతుకులో పదేళ్లు మింగేసింది.

ఇక భయపెట్టే విషయం. చెప్పకుండా దాటేస్తే మీకు మేలు చేసినట్టు కాదు. అదే మెక్లీన్ గుంపులో 24 ఏళ్లు గడిచేసరికి 5.9 శాతం మంది ఆత్మహత్య చేసుకున్నారు. మరో 14 శాతం మంది గుండెజబ్బులు, ప్రమాదాలు, మత్తుపదార్థాలు లాంటి ఇతర కారణాలతో చిన్నవయసులోనే పోయారు. మాంట్రియల్ గుంపులో ఆత్మహత్య చేసుకున్నవాళ్ల సగటు వయసు 37. దీన్ని బట్టి రెండు విషయాలు అర్థమవుతాయి. ఇరవైల్లో గొడవ ఎక్కువగా కనిపిస్తుంది గానీ, ఎన్ని వైద్యాలు చేసినా ఫలితం లేదన్న నిస్పృహ పేరుకునే ముప్పైల్లో ప్రమాదం తక్కువేం కాదు. గొడవ సద్దుమణిగింది కదా అని ఆ వయసులో కనిపెట్టుకుని ఉండటం మానేయకూడదు. రెండోది, ఒంటి ఆరోగ్యం. లండన్‌లో 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో పర్సనాలిటీ డిజార్డర్‌తో చికిత్సలో ఉన్నవాళ్ల ఆయుర్దాయం మామూలు జనం కంటే సుమారు 18 ఏళ్లు తక్కువగా తేలింది. సిగరెట్లు, తాగుడు, సరిగా నిద్ర లేకపోవడం, బరువు పెరగడం, డాక్టర్లతో గొడవపడి వైద్యం మానేయడం, ‘అన్నీ మనసులోనివే’ అని డాక్టర్లే తేలిగ్గా తీసుకోవడం, ఇవన్నీ ఇందులో కలిసి ఉంటాయి. మీ చెల్లి కడుపునొప్పి అన్నా, ఛాతీనొప్పి అన్నా మామూలు మనిషికి చేయించే పరీక్షలన్నీ ఆమెకూ చేయించండి.

ఇంతసేపూ బార్డర్‌లైన్ గురించే మాట్లాడాను, ఎందుకంటే ఎక్కువ పరిశోధన జరిగింది దాని మీదే. మిగతావన్నీ ఇదే దారిలో నడవవు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పీటర్ టైరర్ బృందం డిప్రెషన్, ఆందోళనలతో వచ్చినవాళ్ల వ్యక్తిత్వాన్ని 12 ఏళ్ల తేడాతో రెండుసార్లు కొలిచి, 2002లో ఫలితాలు ప్రకటించింది. ఆవేశం, దుడుకుతనం, నాటకీయత ఉన్న రకాలు వయసుతో నెమ్మదించాయి. అనుమానం, ముభావం, బిడియం, ఛాదస్తం ఉన్న రకాలు మాత్రం వయసుతో ఇంకాస్త గట్టిపడ్డాయి. ఇది నా అనుభవానికి సరిగ్గా సరిపోతుంది. అరిచి గోలచేసేవాడిని అందరూ డాక్టర్ దగ్గరికి తీసుకొస్తారు. నలుగురిలోకి వెళ్లలేక ఉద్యోగాలు, స్నేహాలు ఒక్కొక్కటే వదులుకుంటూ ఇంట్లో కూర్చునేవాడి జోలికి ఎవరూ వెళ్లరు. ‘మా వాడు నెమ్మదస్తుడు’ అనుకుంటారు. అతని ప్రపంచం ఏడాదికేడాది చిన్నదవుతూ యాభై ఏళ్లకు ఒక గదికి చేరుతుంది. చికిత్సకు బాగా లొంగే సమస్య అది. అయినా ఆ దశకు చేరేదాకా ఎవరికీ పట్టదు.

సంఘవ్యతిరేక వ్యక్తిత్వం, అంటే ఇతరుల హక్కులంటే లెక్కలేనితనం, అబద్ధాలు, హింస ఉన్న రకంలో నలభై దాటాక నేరాలు, కొట్లాటలు తగ్గుతాయి. అయితే ఎదుటివాళ్ల బాధ పట్టకపోవడం, కుటుంబంతో పొసగకపోవడం అంత తేలిగ్గా పోవు. తామే గొప్ప అనుకునే నార్సిసిస్టిక్ రకంలో దారి ఒక్కటే ఉండదు. పదవి, అందం, ఆరోగ్యం చేజారే నడివయసు వాళ్లకు గండం. కొందరు ఆ దెబ్బతో మెత్తబడి మొదటిసారి సాయం అడుగుతారు. కొందరు చేదుగా తయారై ఉన్న ఒకరిద్దరినీ దూరం చేసుకుంటారు.

మీ చెల్లికి ఇది ఎప్పుడు మొదలైందని డాక్టర్ అడిగితే బహుశా 14, 15 ఏళ్ల నాటి సంగతులు చెప్పి ఉంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో వందలాది పిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన ఒక అధ్యయనంలో పర్సనాలిటీ డిజార్డర్ల లక్షణాలు కౌమారం మొదట్లో ఎక్కువగా ఉండి, యౌవనానికి వచ్చేసరికి సగటున 28 శాతం తగ్గాయి. అంటే ఆ వయసులో తిక్క, తెగింపు, మూడ్ మారిపోవడం చాలామందిలో ఉండేవే, చాలామందిలో పోయేవే. కొందరిలో మాత్రం అవి తగ్గకుండా పెరుగుతాయి. సైకాలజిస్ట్ టెర్రీ మాఫిట్ 1993లో అల్లరి పిల్లల గురించి కూడా దాదాపు ఇలాంటి తేడానే చూపించారు. టీనేజ్‌లో మొదలై టీనేజ్‌తో ముగిసేవాళ్లు ఒక రకం, పసితనం నుంచే మొదలై పెద్దయ్యాక కూడా కొనసాగేవాళ్లు మరో రకం. రెండో రకాన్ని ముందే గుర్తిస్తే లాభం ఎక్కువ. 18 నిండేదాకా ఏ పర్సనాలిటీ డిజార్డర్ పేరూ పెట్టకూడదని చాలామంది అనుకుంటారు, కొందరు డాక్టర్లు కూడా. నిజానికి ఆ నిబంధన సంఘవ్యతిరేక రకానికే ఉంది. పిల్లల మీద ముద్ర వేస్తున్నామన్న భయం నాకూ అర్థమవుతుంది. అయితే పేరు పెట్టకపోవడం వల్ల సాయం కూడా నాలుగైదేళ్లు ఆలస్యమవుతుంటే, ఆ జాగ్రత్తకు మూల్యం చెల్లించేది ఆ పిల్లలే. మెల్‌బోర్న్‌లో ఆండ్రూ చానెన్ బృందం ఈ వయసు పిల్లలకే ప్రత్యేకంగా చికిత్స నడుపుతోంది.

అసలు వయసుతో ఎందుకు తగ్గుతుంది? కొంత మెదడు పని. ఆవేశాన్ని ఆపే ముందుభాగం ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. కొంత మామూలు మనుషులందరిలోనూ జరిగే మార్పు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య నిలకడ, బాధ్యత పెరుగుతాయని 2006లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం చాలా అధ్యయనాలను కలిపి చూపించింది. కొంత అనుభవం. ఏ రకం మనిషితో తనకు తుఫాను మొదలవుతుందో తెలిసి, అలాంటివాళ్లకు దూరంగా ఉండటం నేర్చుకుంటారు. కొందరు ఉద్రేకం లేని స్నేహాలతో, పెంపుడు జంతువులతో, ఇష్టమైన పనితో స్థిమితపడతారు. ప్రేమ బంధమే ఉండాలని లేదు. బాధ్యతలు మీద పడితే సర్దుకుంటుంది అన్న మీ పెద్దల మాటలో ఈ మేరకు నిజముంది. మనిషి మోయగలిగిన బాధ్యత మనిషిని నిలబెడుతుంది. మోయలేనిది కూలదోస్తుంది. జబ్బు ముదిరి ఉన్నప్పుడు ఒక పెద్ద బాధ్యతను వైద్యంలా నెత్తిన పెట్టడం ఆమెకూ, ఆ బాధ్యతలో భాగమయ్యే ఇంకో మనిషికీ అన్యాయం.

చికిత్స చేసే పని వయసు చేసే పనిని ముందుకు జరపడం. అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లైన్‌హాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) మీద మొదటి పరీక్ష ఫలితాలు 1991లో వచ్చాయి. ఉద్రేకం తలకెక్కినప్పుడు ఒళ్లు కోసుకోకుండా ఆ అరగంట ఎలా దాటాలో, గొడవ పడకుండా ఎలా అడగాలో అందులో సాధన చేయిస్తారు. 2011లో, 68 ఏళ్ల వయసులో, తాను కూడా టీనేజ్‌లో ఇదే బాధతో ఆసుపత్రిలో ఉన్నానని ఆమె బహిరంగంగా చెప్పారు. ఈ సంగతి నేను నా రోగులకు తప్పకుండా చెబుతాను. లండన్‌లో బేట్‌మన్, ఫోనగీ ఇంకో థెరపీ రూపొందించారు. తన మనసులో, ఎదుటి మనిషి మనసులో ఏం నడుస్తోందో నిదానించి ఆలోచించడం నేర్పేది అది. ఆ చికిత్స పూర్తయిన ఐదేళ్లకు చూస్తే, అది తీసుకున్నవాళ్లలో 13 శాతం మందికే బార్డర్‌లైన్ మిగిలింది. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో అది 87 శాతం. పరీక్ష చిన్నదే, 41 మందితో జరిగింది. కానీ ఇరవై ఏళ్లు ఆగకుండా ముందే తగ్గించవచ్చనడానికి అంతకంటే బలమైన సూచన నాకు కనబడలేదు. ఈ థెరపీలు మీకు అందుబాటులో లేకపోతే నిరాశపడకండి. జబ్బును అర్థం చేసుకుని, ఓపికగా, నిలకడగా ఒకే మనిషి చూసే మామూలు చికిత్స కూడా చాలా మేలు చేస్తుంది. నెలకో డాక్టర్‌ని మార్చడం మాత్రం నష్టం. మందుల విషయానికొస్తే, ఏ పర్సనాలిటీ డిజార్డర్‌కీ ప్రత్యేకంగా ఆమోదించిన మందు లేదు. కూడా ఉన్న డిప్రెషన్‌కో ఆందోళనకో ఇస్తారు. ఒకేసారి నాలుగైదు రకాల మాత్రలు వాడుతుంటే, ఏది ఎందుకో డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. ఇది చెల్లి సంగతి కంటే ముందు చూడవలసింది కావచ్చు. ఒక మనిషి ఎప్పటినుంచో అనుమానపు మనిషైతే, ముసలితనంలో ఆ అనుమానం పెరగడం మామూలే. వినికిడి తగ్గుతుంది, తోడు పోతుంది, ఇతరుల మీద ఆధారపడాల్సి వస్తుంది. ఎవరినీ నమ్మని మనిషికి తన డబ్బు, తన ఒళ్లు వేరొకరి చేతిలో పెట్టడం కంటే కష్టం ఏముంటుంది? పాత బార్డర్‌లైన్ కూడా ఆ వయసులో రూపం మార్చుకుంటుంది. చేయి కోసుకోవడానికి బదులు మందులు మానేయడం, ఎక్కువ మింగడం, తిండి మానేయడం, తగ్గని ఒంటినొప్పులు, చూసుకునేవాళ్లతో గొడవలు కనిపిస్తాయి. ఇవి ప్రశ్నాపత్రాల్లో అడిగే లక్షణాలు కావు కాబట్టి చాలాసార్లు డాక్టర్లకు అందవు. జీవితమంతా కాపు కాసిన భర్తో, భార్యో, ఉద్యోగమో పోయాక, అప్పటిదాకా కప్పబడి ఉన్న సమస్య అరవైల్లో మొదటిసారి బయటపడే సందర్భాలూ ఉన్నాయి.

మీ అమ్మగారు అలా కాదు. మీరే రాశారు, ఆమె ఎప్పుడూ ఎవరినీ అనుమానించలేదని. 61వ ఏట కొత్తగా వచ్చిన మార్పును పర్సనాలిటీ డిజార్డర్ అనుకోకండి. మెదడులో, ఒంట్లో ఏదైనా మొదలైందేమో ముందు చూడాలి. ఒక రకం డిమెన్షియా ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలై, మతిమరుపు కంటే ముందు స్వభావాన్నే మార్చేస్తుంది. మొహమాటం పోవడం, మాట తూలడం, దగ్గరివాళ్ల బాధ పట్టకపోవడం, తిండి అలవాట్లు విపరీతంగా మారడం దాని గుర్తులు. మరో రకంలో వస్తువులు ఎక్కడ పెట్టారో మరిచిపోయి ‘ఎవరో తీశారు’ అని అనుమానించడం మొదట కనిపిస్తుంది. చిన్నపాటి స్ట్రోక్, థైరాయిడ్, బీ12 లోపం, చెవుడు, కొత్తగా మొదలుపెట్టిన మందు, పైకి కనిపించని డిప్రెషన్, ఏదైనా కావచ్చు. వీటిలో కొన్ని పూర్తిగా నయమయ్యేవి. ఆమెను న్యూరాలజిస్ట్‌కో, పెద్దవాళ్లను చూసే సైకియాట్రిస్ట్‌కో ఈ నెలలోనే చూపించండి. మార్పు ఎప్పుడు మొదలైంది, ఏ మందులు వాడుతున్నారు, ఏయే విషయాల్లో అనుమానిస్తున్నారు అన్నది కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

రక్తంలోనే ఉందా అంటే, ఈ స్వభావాల్లో దాదాపు సగం దాకా వంశపారంపర్యపు పాత్ర ఉంటుందని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతాయి. సంక్రమించేది జబ్బు కాదు, సులభంగా కలత చెందే తత్వం లాంటిది. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. మీ ఉత్తరంలో మీ గురించి మీరు రాసుకున్న భయానికి ఆధారమేదీ నాకు కనబడలేదు.

మా వృత్తి కూడా మారుతోందని చెప్పడం న్యాయం. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ, ఐసీడీ-11, పాత పేర్ల జాబితాను దాదాపు పక్కన పెట్టేసింది. బార్డర్‌లైన్ అన్నది ఒక అదనపు వివరంగా మిగిలింది. ఇప్పుడు మొదట చూసేది తీవ్రత: స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అని. తీవ్రత అంటేనే ఈరోజు ఒకలా, మూడేళ్ల తర్వాత ఇంకోలా ఉండేది. మీ చెల్లి ఫైల్‌లో ఉన్న పేరు కంటే, ఆమె ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడం మీకు ఎక్కువ ఉపయోగం.

ఇంట్లో చేయాల్సింది కొంచెమే. చేయి కోసుకున్నప్పుడు ‘నాటకం’ అనొద్దు. అలాగని ఇల్లంతా తలకిందులై ఆమె చుట్టూ చేరొద్దు. గాయానికి కట్టు కట్టి, పక్కన కూర్చుని, ఏం జరిగిందో నిదానంగా వినండి. మామూలు రోజుల్లో, ఏ గొడవా లేనప్పుడు, ఆమెతో ఎక్కువసేపు గడపండి. అప్పుడు మీ తోడు కోసం గాయం అవసరం ఉండదు. చనిపోతానని అంటే ప్రతిసారీ నిజంగానే తీసుకోండి, వందోసారి అన్నా సరే. ఎలా చేసుకోవాలని అనుకుంటోందో సూటిగా అడగండి, అడిగితే ఆలోచన వస్తుందేమో అన్న భయం అక్కర్లేదు. మాత్రలు, పదునైనవి అందకుండా పెట్టి, ఆరోజే డాక్టర్‌కి చూపించండి. మీకు కూడా అలసట ఉంటుంది. రాత్రిళ్లు కాపలా మీరొక్కరే కాయకుండా ఇంట్లో ఇంకొకరితో పంచుకోండి.

వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ నాలుగూ అడగండి. ప్రస్తుతం తీవ్రత ఎంత? థెరపీ ఎవరు చేస్తారు, వారానికి ఎన్నిసార్లు? రాత్రిపూట అదుపు తప్పితే ఎవరికి ఫోన్ చేయాలి? చదువో ఉద్యోగమో ఎప్పటినుంచి, రోజుకు ఎన్ని గంటలతో మొదలుపెట్టాలి? నాలుగోది డాక్టర్ మరిచిపోయినా మీరు మరిచిపోవద్దు. అమ్మగారి పరీక్షల ఫలితాలు వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.